మిర్చి ఎరుపు సోకి రాముడు ఊదా రంగుకు తిరిగాడు

కల్లూరు (మా విలేకరి): భద్రాచలం దేవుడు దగ్గరివాడు కావడం వల్ల ఈ ప్రాంతంలో శుభలేఖ అంటే దాని మీద సీతారాముల కల్యాణం బొమ్మ ఉండి తీరాలి. రాముడు నీలంగా ఉండాలి, సీతమ్మ పసుపు పచ్చగా ఉండాలి, తలంబ్రాలు ముత్యాల్లా మెరవాలి. ఇందులో పసుపు అంత కష్టం కాదట. ముత్యాల తెలుపు కాగితానిదే కనుక దానితో పేచీ లేదు. చిక్కంతా ఆ నీలంతోనే. అచ్చు యంత్రం దగ్గర పనిచేసేవారిని ఎవరిని అడిగినా, కృష్ణుడో రాముడో బొమ్మ వచ్చిందంటే ఆ రోజు ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చేయాలని చెబుతారు.

ఈ సంగతి ఈ విలేకరికి తెలిసిన తీరు వేరు. 2023 మాఘ మాసంలో మా చెల్లెలి పెళ్లి. శుభలేఖలు వెయ్యి. బయట దొరికే తయారు కార్డుల మీద పేర్లు అచ్చు వేయించుకుంటే సరిపోయేదే కాని, ఇంట్లో ఆఖరి పెళ్లి కదా అని రంగుల కార్డు వేయిద్దామనుకున్నాం. పట్నంలో ఒక ప్రెస్సుకు ఇచ్చాం. ఆ ప్రెస్సు పేరు ఇక్కడ అప్రస్తుతం. ముందుగా నమూనా సెల్‌ఫోనుకు పంపారు. చూశాం, బాగుంది. తరువాత కాగితం మీద ప్రూఫు తీసి చూపారు. అదీ బాగుంది. సంక్రాంతికి ముందు కట్టలు ఇంటికి వచ్చాయి.

పసుపు కుంకుమ పెట్టి మొదటి కార్డు దేవుడి దగ్గర ఉంచబోతూ మా అమ్మ ఆగిపోయింది.

"ఇదేం రాముడురా అయ్యా, నేరేడు పండులా ఉన్నాడు" అన్నది.

చూస్తే నిజమే. నీలం అనుకున్నది ఊదా అయి కూర్చుంది. రాముడి ముఖం మీద నీలి నీడలు ఉండవలసిన చోట దెబ్బ తగిలి కమిలినట్టుగా ఉంది. మా మేనత్త అయితే ఆ కార్డు పట్టుకుని వియ్యాలవారి గడప తొక్కనని చెప్పేసింది. మగపెళ్లివారిది పెనుబల్లి వైపు. ముహూర్తం ముంగిట్లో ఉంది.

మూడు సాక్ష్యాలు

మా నాన్న, నేను కట్టలు మోటారు సైకిలు మీద కట్టుకుని ప్రెస్సుకు వెళ్లాం. యజమాని మర్యాదస్తుడే. కుర్చీలు వేయించి, కంప్యూటరులో బొమ్మ తీసి చూపాడు. అందులో రాముడు నీలంగా ఉన్నాడు. మా సెల్‌ఫోనులో నీలంగా ఉన్నాడు. మేము చూసి సరేనన్న ప్రూఫు తీయించాడు. అందులోనూ నీలంగానే ఉన్నాడు. మూడు సాక్ష్యాలు మా వైపు, ఒక్క కార్డు ప్రెస్సు వైపు. అయినా ఆయన, తెర మీద రంగు కాగితం మీద రాదు పెద్దాయనా, ఇది అందరికీ జరిగేదే అన్నాడు.

ఆయన మాటలో నిజం లేకపోలేదు. సెల్‌ఫోను తెర దీపం వంటిది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులను తానే వెలిగించి కంటికి పంపుతుంది. సిరా అలా కాదు. కాగితం మీద పడిన వెలుతురులో కొంత తాను మింగి, మిగిలింది మనకు పంపుతుంది. దీపం చూపే నీలాల్లో కొన్నింటిని సిరా ఏం చేసినా చూపలేదు. అటువంటి నీలాన్ని కంప్యూటరు సిరాల లెక్కలోకి మార్చినప్పుడు అది దగ్గరలో ఉన్న ఊదా వైపు జారిపోతుంది. అందుచేత సెల్‌ఫోనులో చూసి సరేననడం, ఫొటో చూసి ఎద్దును కొనడం వంటిది.

అయితే కాగితం మీద తీసిన ప్రూఫు సంగతి ఏమిటి? దానికి ఆయన దగ్గర జవాబు తడబడింది.

నాలుగు సిరాల్లోనే అన్నీ

రంగుల అచ్చులో ఉండే సిరాలు నాలుగే. సయాన్ అనే ఆకాశ నీలం, మెజంటా అనే గులాబీ ఎరుపు, పసుపు, నలుపు. మిషను దగ్గర కుర్రాళ్లు వీటిని బ్లూ, రెడ్, ఎల్లో, బ్లాక్ అనే పిలుచుకుంటారు. కార్డును భూతద్దం కింద పెడితే రాముడు ఉండడు, ముగ్గు చుక్కల్లా రంగు చుక్కలు ఉంటాయి. చుక్క పెద్దదయితే రంగు చిక్కన, చిన్నదయితే పలచన. దూరం నుంచి కన్ను ఆ చుక్కలను కలిపేసుకుని బొమ్మ చేసుకుంటుంది.

రాముడి నీలం ఈ నాలుగింటిలో ఏదీ కాదు. సయాన్ ఒక్కటే వేస్తే ఆకాశంలా వెలవెలబోతుంది. దాని మీద మెజంటా పడాలి. సయాన్ నూటికి నూరు పాళ్లు ఉంటే మెజంటా అరవై, డెబ్బై దగ్గర ఆగాలి. అప్పుడే అది నీలం. మెజంటా కూడా నూరుకు చేరితే ఊదా అవుతుంది. అంటే నీలానికీ, నేరేడుకూ మధ్య ఉన్న గట్టు చాలా సన్ననిది. పసుపు రంగులో మెజంటా కొంచెం ఎక్కువైతే బంగారంలా ఉందని సంతోషిస్తాం. నీలంలో ఎక్కువైతే ఇంట్లో పెళ్లి ఆగినంత పని అవుతుంది.

ఈ సిరాలు కాగితం మీదకు వచ్చే దారి కూడా చెప్పుకోవాలి. ఆఫ్‌సెట్ యంత్రంలో ప్లేటు నేరుగా కాగితాన్ని తాకదు. నూనెకూ నీటికీ పడదన్న సంగతి ఆధారంగా 1796లో జర్మనీ దేశంలో సెనెఫెల్డర్ అనే ఆయన రాతి మీద నుంచి అచ్చు తీయడం కనిపెట్టాడు. ప్లేటు మీద బొమ్మ ఉన్నచోట సిరా అంటుకుంటుంది, లేనిచోట నీరు నిలిచి సిరాను దూరంగా ఉంచుతుంది. ఇప్పటి ప్లేటుకూ ఇదే సూత్రం. 1900 దాటిన తొలి ఏళ్లలో అమెరికాలో ఇరా రూబెల్ అనే అచ్చు పనివాడి దగ్గర ఒకసారి కాగితం పెట్టడం మరచిపోతే బొమ్మ కింది రబ్బరు మీద పడింది. తరువాత వచ్చిన కాగితం వెనుక ఆ రబ్బరు నుంచి పడిన అచ్చు, ప్లేటు నుంచి పడిన దానికంటే స్ఫుటంగా కనిపించింది. పొరపాటున దొరికిన ఆ రబ్బరు తొడుగే ఇప్పటి బ్లాంకెట్. ప్లేటు నుంచి బ్లాంకెట్ మీదకు, బ్లాంకెట్ నుంచి కాగితం మీదకు వచ్చేసరికి ఆ ఒత్తిడికి చుక్క కొంచెం లావెక్కుతుంది. ప్లేటు మీద సగం ఉన్న చుక్క కాగితం మీద మూడింట రెండు వంతుల దాకా కనిపించవచ్చు. ఈ లావును ముందే లెక్క కట్టి ప్లేటు మీద చుక్కను సన్నం చేయాలి. ఆ లెక్క వేయని ప్రెస్సులో బొమ్మలన్నీ మసకేసినట్టు వస్తాయి.

దేవుడి పటం ఇంటింటికీ చేరింది కూడా ఈ రంగుల అచ్చు పుణ్యమే. రవివర్మ 1894లో బొంబాయిలో పెట్టిన ప్రెస్సులో రంగుకు ఒక రాయి చొప్పున పెట్టి పటాలు తీసేవారు. అన్ని రాళ్ల మీద నుంచి వచ్చే రంగును కంటితోనే సరిచూసుకున్న పనివారి ఓపిక ఎంతటిదో!

చీర కొన్నట్టు

యజమాని గదిలో ట్యూబులైటు కింద ప్రూఫునూ కార్డునూ పక్కపక్కన పెట్టి, తేడా మీరనుకున్నంత లేదు అన్నాడు. ఆ వెలుతురులో నిజంగానే తేడా తక్కువ. అప్పుడు మా నాన్న రెండూ తీసుకుని వసారాలోకి నడిచాడు. అక్కడ నీడలో పట్టుకునేసరికి ఒకటి నీలం, ఒకటి నేరేడు. ఆయనకు అచ్చు సంగతి తెలియదు. చీరల కొట్లో మా అమ్మ ఎప్పుడూ చేసే పని అదే. కొట్లో దీపాల కింద ఎంత బాగున్నా, గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతురులో చూడందే ఏ చీరా కొనదు.

వరి రైతుకు కూడా ఇది తెలిసిన విద్యే. పైరుకు యూరియా ఎప్పుడు వేయాలో చూసుకోవడానికి వ్యవసాయ శాఖ వారు ఆకు రంగుల పట్టిక ఇస్తుంటారు. దాన్ని ఎండలో పెట్టి చూడకూడదు. మన ఒంటి నీడలో, ఆకు మధ్య భాగాన్ని పట్టిక మీద ఉంచి, ప్రతిసారీ ఒకే వేళకు, ఒకే మనిషి చూడాలి. వేళ మారితే ఆకు రంగు మారినట్టు కనిపిస్తుంది, మనిషి మారితే లెక్క మారుతుంది. పెద్ద ప్రెస్సుల్లో ఇందుకోసమే ప్రత్యేకమైన దీపాల గూడు పెడతారు. దాని వెలుతురు 5000 కెల్విన్ అని లెక్క, మధ్యాహ్నపు పగటి వెలుతురుకు దగ్గర. రెండు వేర్వేరు సిరాలతో తీసిన రంగులు ఒక దీపం కింద కవల పిల్లల్లా ఉండి, ఇంకో దీపం కింద ఒకరికొకరు ఏమీ కానట్టు కనిపించడం మామూలే. ప్రూఫు తీసేది సిరా చిమ్మే చిన్న యంత్రం మీద, కార్డులు తీసేది ఆఫ్‌సెట్ మీద. సిరాలు వేరు, కాగితం వేరు. అటువంటప్పుడు ట్యూబులైటు తీర్పు చెల్లదు.

తల్లి పట్టిన ఆచూకీ

ఇంతవరకు తప్పు మాది కాదని తేలింది కాని, ఎవరిదో తేలలేదు. డిజైను చేసిన పిల్లవాడు ప్లేటు మీద వేశాడు. ప్లేటు తీసినవాళ్లు మిషను మీద వేశారు. మిషను నడిపే అబ్బాయి, ఇచ్చిన ప్లేటు వేశానన్నా, నాదేముంది అన్నాడు. యజమాని అప్పటికే ఆ అబ్బాయి వారం కూలి పట్టుకుంటానని కేకలేశాడు. పాతికేళ్లు ఉంటాయేమో, తల వంచుకుని నిలబడ్డాడు.

అప్పుడు ఇంటి నుంచి మా అమ్మ ఫోను చేసింది. ఇంట్లో మిగిలిన కట్టలు విప్పి చూస్తోందట. అన్నీ నేరేడు కాదురా, సగం మంచివే ఉన్నాయి, నేను రెండు వరసలుగా పేరుస్తున్నాను అన్నది.

ఆ మాట వినగానే మిషను అబ్బాయి తల ఎత్తాడు. తప్పు డిజైనులో ఉంటే అన్ని కార్డులూ పాడవ్వాలి. ప్లేటు లెక్కలో ఉన్నా అంతే. సగం బాగుండి సగం పాడయ్యాయంటే తప్పు షీటులో ఒక పక్కన ఉంది. అతను లోపలికి పోయి, దాచిన షీటు ఒకటి తెచ్చి పరిచాడు. అచ్చు మొదలయ్యే ముందు సరేననుకుని పక్కన పెట్టే షీటు అది. కత్తిరించని ఆ పెద్ద షీటు మీద మా కార్డు రెండు చోట్ల ఉంది. ఎడమ వరసలో ఒకటి, కుడి వరసలో ఒకటి. ఎడమ దాని తలవైపున, అదే వరసలో, ఖమ్మం మార్కెట్టులో మిర్చి వ్యాపారం చేసే ఒకాయన క్యాలెండరు అట్ట ఉంది. దాని నిండా తేజ మిర్చి రాశి, ఎర్రగా, నిప్పు రాజుకున్నట్టు.

గుట్టు అక్కడ ఉంది. ఖర్చు కలిసి వస్తుందని ప్రెస్సులు ఇద్దరు ముగ్గురి పనులను ఒకే ప్లేటు మీద పేర్చి ఒకే షీటు మీద తీస్తాయి. తప్పేమీ కాదు, అందువల్లే మనలాంటి వాళ్లకు రంగుల కార్డు అందుబాటు ధరకు దొరుకుతోంది. అయితే యంత్రంలో సిరా పెట్టెకు అడ్డంగా వరసగా మరలు ఉంటాయి. ఒక్కో మర అంగుళం పైచిలుకు వెడల్పు మేర సిరాను వదులుతుంది. మర తిప్పితే ఆ వరసలో షీటు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఉన్న బొమ్మలన్నింటికీ సిరా పెరుగుతుంది. కాలువ తూము ఎత్తితే ఒక్క చేనికే నీళ్లు పోవు కదా, దిగువ చేలన్నీ తడుస్తాయి. సాగరు ఎడమ కాలువ కింద ఉన్నవాళ్లకు ఇంతకంటే విడమరచి చెప్పనక్కరలేదు.

ఎర్ర రంగుకు మెజంటా, పసుపు రెండూ కావాలి. ఆ రోజు మిర్చి వ్యాపారి మిషను పక్కనే నిలబడి ఎరుపు చాలలేదు, ఇంకా ఇంకా అన్నాడట. అబ్బాయి ఎడమ వైపు మెజంటా మరలు విప్పాడు. మిర్చి మండింది. దాని కింది వరసలో ఉన్న మా రాముడికి ఆ మెజంటా సోకింది. కుడి వరసలో రాముడు క్షేమంగా ఉన్నాడు.

బూడిద పట్టీ అబద్ధం చెప్పదు

షీటు అంచున, కత్తిరించి పారేసే చోట, చిన్న చిన్న రంగు గళ్ల పట్టీ ఒకటి ఉంటుంది. మనకు కార్డులో అది కనిపించదు. ఆ అబ్బాయి దాన్ని చూపించాడు. అందులో రెండు బూడిద గళ్లు పక్కపక్కన ఉంటాయి. ఒకటి ఒక్క నల్ల సిరాతో వేసింది. రెండోది నలుపు లేకుండా సయాన్ యాభై, మెజంటా నలభై, పసుపు నలభై పాళ్లు కలిపి వేసింది. యంత్రం సరిగా నడుస్తుంటే రెండూ దాదాపు ఒకే బూడిదగా కనిపిస్తాయి. ఏ సిరా పెరిగినా రెండో గడి ఆ రంగుకు తిరుగుతుంది. మెజంటా పెరిగితే గులాబీ, సయాన్ పెరిగితే నీలం, పసుపు పెరిగితే మట్టి రంగు. దేవుడి బొమ్మ మీద మన కన్ను మోసపోవచ్చును గాని, బూడిద మీద మోసపోదు. మా షీటులో కుడివైపు గళ్లు బూడిదగా ఉన్నాయి, ఎడమవైపు గళ్లు గులాబీ రంగులో ఉన్నాయి.

డెన్సిటోమీటరు అనే చేతి పరికరంతో సిరా మందాన్ని అంకెల్లో కొలుస్తారు. మెరుపు కాగితం మీద మెజంటా 1.4, 1.5 దరిదాపుల్లో ఉంటే చాలు, నలుపు అంతకంటే ఎక్కువ, పసుపు తక్కువ. ఆ పరికరం మేము వెళ్లిన ప్రెస్సులో లేదు. అక్కడ కొలత అంతా కంటితోనే. అటువంటి చోట ఈ బూడిద గడియే పేదవాడి త్రాసు.

తేడా రావడానికి మరలు ఒక్కటే కారణం కాదని కూడా ఆ అబ్బాయి చెప్పాడు. ఒకే రంగు మిషను మీద నాలుగుసార్లు తీసే చిన్న ప్రెస్సుల్లో సయాన్ ఆరాక దాని మీద మెజంటా ఆఖర్న పడితే నీలం ఎరుపెక్కుతుంది, అందుకని రంగుల వరస మార్చకూడదు. ఎండాకాలం సిరా పలచబడుతుంది, ప్లేటు తడిపే నీరు తొందరగా ఆరుతుంది. ఆ నీటికి పులుపు ఒక మోతాదులో ఉండాలి, పీహెచ్ 4.5 నుంచి 5.5 మధ్య. బోరు నీళ్లు గట్టివైతే మందు కలిపినా ఆ మోతాదు నిలవదు. నీరు ఎక్కువైతే రంగు వెలుస్తుంది, తక్కువైతే తెల్లని చోట మురికి పడుతుంది. అచ్చయిన వెంటనే తడి మీద చిక్కగా కనిపించిన రంగు ఆరాక కొంచెం దిగుతుంది. పైన మెరుపు లేని ప్లాస్టిక్ పొర వేయిస్తే రంగుల జోరు ఇంకా తగ్గుతుంది.

కాగితం మాట వేరే చెప్పాలి. మనవైపు పొలాల గట్ల మీద పెంచిన సుబాబులు, జామాయిలు కర్రలో చాలా భాగం భద్రాచలం దగ్గర సారపాకలో 1979 నుంచి నడుస్తున్న మిల్లుకు చేరి అట్ట అవుతుంది. మన కర్రతోనే చేసిన అట్ట మీద మన శుభలేఖ పడే అవకాశం లేకపోలేదు. అట్టలన్నీ ఒకే తెలుపు కావు. కొన్ని పాల తెలుపు, కొన్ని నీలి తెలుపు, కొన్ని కోడిగుడ్డు పెంకులా ఉంటాయి. సిరా పలచగా పడిన చోట కిందనుంచి కనిపించేది కాగితమే కనుక, ప్రూఫు ఒక కాగితం మీద, అచ్చు ఇంకో కాగితం మీద తీస్తే రెండూ ఒకటి కావు. కార్డు వేయించుకునేవాళ్లు అడగవలసిన మొదటి మాట ఇది: ప్రూఫు మా కార్డు అట్ట మీదే తీసి ఇవ్వండి అని. రెండో మాట: దాని మీద తేదీ వేసి మీరూ మేమూ సంతకం పెడదాం అని. మూడోది, వీలుంటే పొద్దున పూట వెళ్లి మొదటి షీటు వసారా నీడలో చూడడం. షీటు మీద మన పక్కన ఎవరి పని ఉందో అడిగినా తప్పు లేదు. మిర్చి గాని, టమోటా గాని ఉంటే మాత్రం తప్పకుండా అడగాలి.

కూలి కోత

ఇక డబ్బు లెక్క. పాడైన ఐదు వందల కార్డులు మళ్లీ తీయాలి. యజమాని ఖర్చు సగం మీదే అన్నాడు. మా నాన్న ససేమిరా అన్నాడు. ఎక్కువ ఎరుపు కావాలన్నది మిర్చి వ్యాపారి, మా రాముడు కాదన్నాడు. వాదన పెరిగేలా ఉంటే మిషను అబ్బాయే దారి చూపాడు. పని అయ్యాక ప్లేట్లు పారేయకుండా బంక పూసి భద్రం చేశాడట. అందుచేత కొత్త ప్లేట్ల ఖర్చు లేదు. షీటుకు రెండు కార్డులు కనుక 250 షీట్లు, మిషను సరిచేసుకునేటప్పుడు పాడయ్యేవి ఇంకొన్ని. కాగితం, సిరా యజమాని పెట్టుకున్నాడు. కత్తిరింపు, పొర ఖర్చు మేము ఇచ్చాం. అబ్బాయి కూలి కోయకూడదన్న షరతు మీద మా నాన్న ఒప్పుకున్నాడు.

"ఆ అబ్బాయి షీటు దాచబట్టే గుట్టు తెలిసింది. లేకపోతే మనం ఇంకా ఫోనులు చూపించుకుంటూ ఉండేవాళ్లం" అన్నాడు ఆయన.

మర్నాడు పొద్దున మేము దగ్గరుండగానే మళ్లీ తీశారు. మెజంటా మరలు బిగించి, ఎడమ బూడిద గడి కుడి గడితో కలిసేదాకా షీటు వెనుక షీటు వసారాలోకి తెచ్చి చూశాం. ఆరో ఏడో షీటుకు కలిసింది. రెండు వరసల్లోనూ రాముడు నీలంగా వచ్చాడు. ఆ షీట్ల మీద మిర్చి అట్ట కూడా మళ్లీ పడింది కదా, అవి వ్యాపారికి ఉచితంగా పంపారు. ఎరుపు తగ్గిందని ఆయన ఫిర్యాదు చేసినట్టు మాత్రం మాకు తెలియదు.

మంచి కార్డులు వెయ్యీ పంచాం. మా మేనత్తే పెనుబల్లి వెళ్లి మొదటి కార్డు ఇచ్చి వచ్చింది. నేరేడు రాముడి కార్డులు ఐదు వందలూ పారేయడానికి మా అమ్మకు చేతులు రాలేదు. దేవుడి బొమ్మ కదా. వెనుక పక్క తెల్లగా ఉండటంతో పెళ్లి రోజు చదివింపులు రాసుకోవడానికి అవే వాడారు. ఊరి వారీగా రాసి దారంతో కుట్టిన ఆ కట్ట ఇప్పటికీ మా ఇంట్లో బియ్యం డబ్బా మీద ఉంది.